ఇసుక పెట్టెకు కాపలా

రెండేళ్ళ కిందట సిగ్రున్ ఒక దొంగ గుండెపోటును నమ్మింది. ఆ మచ్చ ఇంకా చెరగలేదు.

వేరేచోట అయితే నాలుగు రోజులు నవ్వుకుని వదిలేసేవారు. తనిఖీలవాళ్ళ దగ్గర అది కుదరదు. మరిచిపోకపోవడమే వాళ్ళ వృత్తి. అణ్వాయుధాలు విప్పి పారేస్తామని మాటిచ్చిన దేశం నిజంగానే విప్పుతోందా, ఒకటి విప్పి ఇంకొకటి మూలన దాస్తోందా అని చూసి చెప్పేవాళ్ళను తయారుచేసే కోర్సు అది. పాఠాలు ఓస్లోలో అయిపోతాయి. పరీక్ష మాత్రం స్కార్వ్‌నెస్‌లో, సముద్రం పక్కన కొండను తొలిచి కట్టిన పాత ఫిరంగి కోటలో. అక్కడ సగంమంది తనిఖీదార్లు అవుతారు. మిగతా సగం తోర్లాండియా అనే లేని దేశానికి అధికారులవుతారు. తోర్లాండియావాళ్ళ పనల్లా మర్యాద తప్పకుండా అబద్ధాలాడటం. తాళంచెవి కనబడటం లేదంటారు, కరెంటు పోయిందంటారు, తనిఖీ సంగతి తర్వాత చూద్దాం, ముందు కాఫీ తాగమంటారు.

ఆ దేశానికి ఏటా మంత్రి ఎస్పెన్. కోర్సులో పాఠాలు చెప్పే పంతులే, కాని వాళ్ళ ఊరి నాటక సంఘంలో పాతికేళ్ళుగా వేషాలు వేస్తున్న మనిషి. పరీక్ష మొదలైతే ఎస్పెన్ ఉండడు, మంత్రిగారే ఉంటారు. భోజనాల దగ్గర ఉప్పు అందించమన్నా మంత్రిగారి గొంతుతోనే అడుగుతాడు. రెండేళ్ళ కిందట సీలు వేసిన తలుపు ముందు ఆ మంత్రిగారు గుండె పట్టుకుని కూలిపోయారు. మందు గది లోపల ఉందన్నారు, భార్య పేరు తలుచుకున్నారు, దేవుణ్ణి క్షమించమన్నారు. సిగ్రున్ సీలు తెంపేసింది. తలుపు తెరుచుకోగానే మంత్రిగారు లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. జేబులోంచి బ్రౌన్ చీజు పెట్టిన రొట్టె తీసి కొరికి, "నా మందు ఇదేనండీ," అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. సిగ్రున్ కూడా నవ్వింది, నవ్వక ఏంచేస్తుంది? ఆ రోజునుంచి ఆమెకు 'కన్నీళ్ళ తనిఖీదారు' అని పేరు స్థిరపడింది.

ఈ కోర్సుకు రెండోసారి వరకే రానిస్తారు. మూడోసారి లేదు. ఈసారి నెగ్గితే వియన్నాలో, ప్రపంచ దేశాల అణు తనిఖీ సంస్థలో ఉద్యోగం ఎదురుచూస్తోంది, లేకపోతే మళ్ళీ గొర్రెల దగ్గరికే.

గొర్రెలంటే ఎగతాళి కాదు. సిగ్రున్ పుట్టింది గుడ్‌బ్రాండ్ లోయలో. ఆమె పుట్టకముందు ఎక్కడో దూరదేశంలో రియాక్టరు పేలితే, ఆ ధూళి వానతోపాటు వాళ్ళ తాతగారి పచ్చిక మీద కురిసింది. ఏళ్ళ తర్వాత కూడా ఆ లోయలో గొర్రెను కోయాలంటే ముందు వీపు మీద రేడియేషన్ కొలిచే మీటరు పెట్టి చూసేవారు. చిన్నప్పుడు గొర్రెను కదలకుండా పట్టుకోవడం సిగ్రున్ పని. పెద్దయ్యాక ఆ మీటరు పట్టుకునే ఉద్యోగమే చేసింది. అంతా పేలిపోయాక చివర కూర్చుని కొలవడం విసుగెత్తింది. పేలక ముందే మొదట్లో నిలబడి చూసేవాళ్ళలో ఒకరు కావాలని పట్టుదల పట్టింది.

ఆ నవంబరు ఉదయం కోటలో కాఫీ దగ్గర మంత్రిగారు మంచి ఊపుమీద ఉన్నారు. బయట వానలో మంచు కలిసి పడుతోంది. కొండ లోపల చలి ఎముకలు కొరికేస్తోంది. మంత్రిగారు వెంట తెచ్చుకున్న చిన్న గ్యాసు పొయ్యి వెలిగించుకుని చేతులు కాచుకుంటున్నారు.

"రండి రండి, తనిఖీదారు గారూ! ఈసారి చేతిరుమాళ్ళు తెచ్చుకున్నారా? మా దేశంలో ఏడుపుకు సుంకం లేదు," అన్నాడు ఎస్పెన్.

"మీ గుండె ఎలా ఉంది మంత్రిగారూ?" అంది సిగ్రున్.

"ఇదిగో, మిమ్మల్ని చూశాకే కొంచెం కుదుటపడింది."

పక్కనే గ్రూ కిసుక్కున నవ్వింది. గ్రూ ఈ ఏటి విద్యార్థే, చీటీల్లో తోర్లాండియా వైపు పడింది, మంత్రిగారికి సహాయకురాలు. సిగ్రున్ జతగాడు వెయిక్కో మాత్రం నవ్వలేదు. అతను ఫిన్లండువాడు. అతని నవ్వు చూడాలంటే అదృష్టం ఉండాలి.

ఒక పక్కగా హాల్వర్ నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. మార్కులు వేసేది ఆయన. ముప్పై ఏళ్ళు నిజం తనిఖీలు చేసి ముసలాడైన మనిషి. పిల్లలందరికీ ఆయన రెండే ముక్కలు నూరిపోశాడు. 'మనిషి మాట విను, వస్తువును చూడు' అన్నది ఒకటి. 'సీలు తెగినచోట నీ కన్నే సీలు' అన్నది రెండోది. నిద్రలో లేపి అడిగినా ఈ రెండూ అప్పజెప్పాలి.

పరీక్ష ఏమిటంటే, కొండ గర్భంలో ఒక గది. గదిలో ఒక నీలం పెట్టె. పెట్టెలో తోర్లాండియావాళ్ళ ఆయుధం ఉందని అనుకోవాలి. నిజానికి ఉన్నది ఇసుక. దాన్ని కొలిచే యంత్రం సాయంత్రం పడవలో వస్తుంది. అప్పటిదాకా గదిని మూసి, సీలు వేసి, పెట్టె మారలేదని తనిఖీదార్లు ఒట్టేసి చెప్పగలగాలి. సీలు ఒక్కసారి తెగితే ఆ ఒట్టుకు విలువ లేదు.

సిగ్రున్ గదంతా గాలించింది. నేల తట్టింది, గోడలు తడిమింది. ఒక్క మూల మాత్రం నల్ల తెర కట్టి ఉంది. దాని వెనక చూడటానికి వీల్లేదు. ఏ దేశమైనా తన రహస్యాలు కొన్ని కప్పుకోవచ్చని ఒప్పందంలోనే ఉంటుంది, అది నిజం తనిఖీల్లో కూడా ఉన్న మర్యాదే. పెట్టె తెరకు దూరంగా గది మధ్యలో ఉంది, కాబట్టి ఫరవాలేదనుకుంది. చివరికి పైన గాలి వచ్చే కన్నం ఆమె కంటబడింది. మనిషి పట్టడు గాని, చెయ్యి పడుతుంది.

"అది కూడా మూయాలి," అంది.

"గాలి రంధ్రమండీ అది, గాలిని కూడా తనిఖీ చేస్తారా?" అంది గ్రూ.

"మూసి సీలు వేయాలి."

హాల్వర్ కనుబొమ్మ ఒకటి లేచింది. మెచ్చుకున్నట్టే కనిపించింది. వెయిక్కో నిచ్చెనెక్కి రేకు మూత దించి వైరు చుట్టి సీలు నొక్కాడు. బయటికి వచ్చి ఇనుప తలుపు మూసి దానికీ వేశారు. సిగ్రున్ ఆ వైరును లాగి చూసుకుంది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆమెకు కడుపు నిండా గాలి పీల్చుకున్నట్టయింది.

కాసేపటికి లోపలినుంచి తలుపు మీద ఎవరో తట్టారు.

వెయిక్కో తలుపు వంక చూశాడు. "పెట్టెకి ప్రాణం వచ్చింది," అన్నాడు.

సిగ్రున్‌కు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. పొద్దుటినుంచి కూతలు కూసిన మంత్రిగారు సీలు వేసేటప్పుడు ఎక్కడా లేరు. తెర వెనక దాక్కున్నారు. ఇప్పుడు తలుపు తెరిపించడానికి నాటకం మొదలుపెట్టారు. పోయినసారి తలుపు ఇవతల పడిపోయాడు, ఈసారి అవతల పడతాడు. అంతే తేడా.

"మా మంత్రిగారు పొరపాటున లోపలుండిపోయారు, వెంటనే తెరవాలి. ఇది మా దేశానికే అవమానం," అంది గ్రూ, ముఖాన గాంభీర్యం తెచ్చిపెట్టుకుని.

"సాయంత్రం యంత్రం వచ్చాక తెరుస్తాం. మంత్రిగారు కొంచెం ఓపిక పట్టాలి."

"ఆయనకు ఇరుకు గదులంటే భయం!"

"మరి తెర వెనక ఎందుకు దూరారు?"

లోపలినుంచి మంత్రిగారి గొంతు ఇనుము దాటుకుని సన్నగా వచ్చింది. "అయ్యో, నా దేశమా! నీ బిడ్డను రాతిగుహలో పూడ్చేశారు! తలుపు తెరవండి, నిర్దయులారా!"

వెయిక్కో పెదవి ఒక పక్కకు కదిలింది. గోడకు ఆనుకుని సంచిలోంచి రొట్టె ముక్కలు తీసి సిగ్రున్‌కు ఒకటి ఇచ్చాడు. నిర్దయులిద్దరూ తిన్నారు. ఆ రొట్టె ఎంత రుచిగా ఉందో సిగ్రున్‌కు తర్వాత చాలాకాలం గుర్తుంది.

అలా గడిచింది. ఉండి ఉండి తట్టడం, ఉండి ఉండి డైలాగులు. మంత్రిగారు మందు అడిగారు, మతగురువును అడిగారు, చివరికి తలనొప్పి అన్నారు. గ్రూ ఒకసారి బతిమాలింది, ఒకసారి బెదిరించింది. హాల్వర్ ఎదురుగోడ దగ్గర రాయిలా నిలబడ్డాడు. సిగ్రున్ ఆయన ముఖంలో ఏమైనా దొరుకుతుందేమోనని వెతికింది. ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే ఆమెకు ధైర్యం. నాటకం ఆయనకు ముందే తెలుసు, తెలియకుండా జరగదు. నిజంగా ఏదైనా అయితే ఆయనే ఆపుతాడు.

ఆపడానికి మాట కూడా ఉంది. 'ఆట కట్టు' అని మూడుసార్లు అనాలి. ఎవరైనా అనొచ్చు. అన్న మరుక్షణం తోర్లాండియా మాయమవుతుంది, మంత్రులూ తనిఖీదార్లూ ఉండరు, అందరూ మామూలు మనుషులు. అందుకే ఆ మాటను ఊరికే వాడటం మహాపాపం. ఊరికే అన్నవాళ్ళు ఆ సాయంత్రం పడవలోనే ఇంటికి పోవాలి. పోయినసారి ఎస్పెన్ దేవుణ్ణి పిలిచాడు, భార్యను పిలిచాడు గాని ఆ మాట మాత్రం అనలేదు. అది గమనించకపోవడమే సిగ్రున్ చేసిన తప్పు. ఈసారి అదే చెవులు రిక్కించి వింటోంది. ఆ మాట రాలేదు.

తట్టడం పలచబడింది.

మొదట్లో నాటకంలో గంట కొట్టినట్టు మూడేసి దెబ్బలు పడేవి. ఇప్పుడు ఒకటి పడి, చాలాసేపు ఏమీ లేక, రెండోది అరచేత్తో జారినట్టు పడుతోంది. సిగ్రున్ తలుపుకు చెవి ఆనించింది. ఇనుము చల్లదనానికి చెవి జివ్వుమంది.

"మంత్రిగారూ?"

ఆమె పిడికిలితో తలుపు తట్టింది.

"మంత్రిగారూ, వినబడుతోందా?"

"సిగ్రున్," అన్నాడు లోపలి మనిషి. మంత్రి గొంతు కాదు. ఎస్పెన్ గొంతు, అదీ నాలుక మందమైన గొంతు. "సిగ్రున్, నా బూటు లేసు ఊడింది."

"ఏమిటి?"

"లేసు. కట్టుకుందామంటే... చేతులు ఎక్కడో ఉన్నాయి." తర్వాత చిన్నగా నవ్వు వినిపించింది.

ఆమె తల వెనక్కి తీసి వెయిక్కోను చూసింది. "పేరు పెట్టి పిలిచాడు," అంది.

"కొత్త ఎత్తు. తాడిని తన్నేవాడి తల తన్నేవాడు ఆయన."

"తెరవమనలేదు."

"ఏం?"

"ఇప్పటిదాకా తెరవండి తెరవండి అన్నాడు. ఇప్పుడు అడగడం లేదు."

వెయిక్కో భుజాలెగరేశాడు. అతని చేతిలో ఇంకా సగం రొట్టె ఉంది. అడగనివాడు నిజంగా ఆపదలో ఉన్నాడా? లేక అడగకపోతేనే ఈమె పడుతుందని కనిపెట్టిన మహానటుడా? రెండేళ్ళు కూర్చుని ఆలోచించి ఉంటాడు, ఈసారి దీన్ని ఎలా పడేద్దామా అని. ఆయన పంతులు గదా, మన లోతుపాతులన్నీ ఎరుగు. పేరు పెట్టి పిలిస్తే కరుగుతుందని తెలియదా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లి ఎవరో ఎలుక ఎవరో తేలడం లేదు.

హాల్వర్ వైపు చూసింది. రాయి కదల్లేదు.

గ్రూ వైపు చూసింది. గ్రూ కూడా హాల్వర్ వైపే చూస్తోంది. అప్పుడు సిగ్రున్‌కు వీపు మీద చల్లటి నీళ్ళు పోసినట్టయింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ధైర్యం తెచ్చుకుంటున్నారు తప్ప, లోపలి మనిషి సంగతి తెలిసినవాడు ఒక్కడూ లేడు. నాటకం తెలిసినవాడు గనుకే హాల్వర్ కదలడు. మంత్రి ఆజ్ఞ ఉంది గనుకే గ్రూ నోరు విప్పదు. పోయినసారి మోసపోయింది గనుకే తను నమ్మదు.

"గ్రూ, పొద్దున్న ఆయన చేతులు కాచుకున్న పొయ్యి ఎక్కడుంది?" అంది సిగ్రున్.

"మంత్రిగారి సామాను మా దేశ రహస్యం..."

"గ్రూ!"

గ్రూ ముఖంలోంచి తోర్లాండియా జారిపోయింది. "తీసుకెళ్ళాడు," అంది మామూలు గొంతుతో. "తెర వెనక చలేస్తుందని. 'నేనేం చేసినా నోరెత్తొద్దు, నిజంగా తెలియకపోతేనే మీ ముఖాలు బాగుంటాయి' అన్నాడు. నాకేం తెలుసు సిగ్రున్, నాకు నిజంగానే తెలీదు..."

పొయ్యి లోపల మండుతోంది. కొండ గర్భంలో, కిటికీ లేని గదిలో. గాలి వచ్చే కన్నం ఒక్కటే. దాన్ని ఎవరు మూయించారో సిగ్రున్‌కు వేరే చెప్పనక్కర్లేదు. సీలు కూడా వేయించింది తనే.

తలుపు మీద చెయ్యి జారిన చప్పుడు వినబడింది. తర్వాత ఏదో బరువైనది నేలకు ఆనినట్టు. తర్వాత ఏమీ లేదు.

నాటకమైతే? పడవ, గొర్రెలు, ఇక జన్మంతా కన్నీళ్ళ తనిఖీదారు. ఆమె చేతులు అప్పటికే కత్తెర తీశాయి.

"ఆట కట్టు," అంది. మళ్ళీ అరిచింది. "ఆట కట్టు! ఆట కట్టు! లోపల పొయ్యి మండుతోంది, గాలి లేదు!"

ఆ మాట వినగానే హాల్వర్ ముఖం ముక్కలైంది. ఆయన తలుపు మీదికి ఉరికిన ఉరుకు చూస్తే ముసలాడని ఎవరూ అనరు. సిగ్రున్ వైరు తెంపింది. వెయిక్కో గడియ లాగాడు. తలుపు తెరుచుకోలేదు, లోపల ఎస్పెన్ దానికి అడ్డంగా పడి ఉన్నాడు. ముగ్గురూ భుజాలు పెట్టి నెట్టారు. సందు దొరకగానే వెచ్చటి మూగ గాలి ముఖాన కొట్టింది. గాలాడని చోట మండిన పొయ్యి వదిలే విషవాయువుకు వాసనంటూ ఏమీ ఉండదు, అదే దాని మాయదారితనం.

"ఊపిరి బిగబట్టండి! గ్రూ, పరిగెత్తు, అంబులెన్సు పడవ!" హాల్వర్ అరిచాడు.

అక్కడినుంచి జరిగింది సిగ్రున్ తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు. ఆమె లోపలికి అడుగుపెట్టింది, గోడకు వీపు ఆనించింది. కళ్ళు నీలం పెట్టెకు అతుక్కున్నాయి. సీలు తెగింది గదా. సీలు తెగినచోట కన్నే సీలు. ఎవరూ చెప్పలేదు, ఆమె అనుకోనూ లేదు. రెండేళ్ళు రాత్రీ పగలూ నేర్చుకున్న ఒళ్ళు దానంతటదే వెళ్ళి అక్కడ నిలబడింది.

వెయిక్కో, హాల్వర్ కలిసి ఎస్పెన్‌ను చంకల కింద పట్టుకుని ఈడ్చారు. ఎస్పెన్ ఏదో గొణిగాడు. అతని చెయ్యి నేల మీద తడుముకుంటూ వచ్చి ఆమె బూటును పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది. ఆ పట్టుకు ఈడ్చేవాళ్ళు ఆగిపోయి, వెయిక్కో వీపు పెట్టెకు అడ్డం వచ్చింది. సిగ్రున్ కిందికి చూడలేదు. కాలు విదిలించి విడిపించుకుంది. పెట్టె కనబడేలా ఒక అడుగు పక్కకు జరిగింది.

వాళ్ళు అతన్ని బయటికి తీసుకుపోయారు. సొరంగంలో అరుపులు, బూట్ల చప్పుడు. సిగ్రున్ ఊపిరి బిగబట్టి పెట్టెనే చూస్తూ నిలబడింది. కళ్ళు మండుతున్నాయి. తల తిరగడం మొదలైనప్పుడు వెనక్కి నడిచి గుమ్మం బయట నిలబడింది, చూపు మాత్రం మరల్చలేదు.

దూరంగా పడవ హారను మోగి, హాల్వర్ తిరిగి వచ్చేసరికి కూడా ఆమె అలాగే ఉంది. ఆయన స్వెట్టరు మోచేతుల దగ్గర చిరిగింది. ముక్కు తుడుచుకున్నాడు.

"బతికే ఉన్నాడు. ఆక్సిజన్ పెట్టారు. ఇంకొంచెం ఆలస్యమైతే..." అని ఆగాడు. "లోపల నాటకం ఆడతాడని నాకు తెలుసు. ఆ తెలియడమే నన్ను ముంచింది. పొయ్యి సంగతి చెప్పలేదు వెధవ." ఆమె వైపు చూసి, "నువ్వేం చేస్తున్నావమ్మాయ్?" అన్నాడు.

"పెట్టె నా కంటినుంచి తప్పలేదు. సీలు తెగినప్పటినుంచి ఎవరూ దాని దగ్గరికి వెళ్ళలేదు. ఒట్టేసి చెప్పగలను."

హాల్వర్ ఆమెనూ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు.

"ఆట కట్టు అన్నది నువ్వే గదా," అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

అప్పుడు సిగ్రున్ చూపు తిప్పింది. సొరంగం నేల మీద ఈడ్చిన చార ఉంది, దాని చివర ఎస్పెన్ బూటు ఒకటి ఊడిపోయి పడి ఉంది. లేసు నిజంగానే ఊడి ఉంది.

ఆ ఏడు పరీక్ష రద్దవుతుందని అందరూ అనుకున్నారు. కాలేదు. సిగ్రున్ నెగ్గింది, అదీ అందరికన్నా పైన. నిజం ఆయుధం ముందు ఇలాంటిదే జరిగితే మనిషినీ కాపాడాలి, పెట్టెనూ కాపాడాలి, రెండూ చేసినవాళ్ళను తన ముప్పై ఏళ్ళలో చూడలేదని హాల్వర్ అందరిముందూ చెప్పాడు. చెప్పేటప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేదు. గ్రూ కౌగలించుకుంది. కన్నీళ్ళ తనిఖీదారు అన్నవాళ్ళెవరూ లేరు. వెయిక్కో ఒక్కడే, "నేనైతే పెట్టె సంగతే మరిచిపోయాను," అన్నాడు. అది మెచ్చుకోలో మరొకటో ఫిన్లండువాళ్ళకే తెలియాలి.

వారం గడిచాక ఆసుపత్రికి వెళ్ళింది. బాదంపప్పు మిఠాయి డబ్బా పట్టుకెళ్ళింది. ఎస్పెన్ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు గాని నోరు తగ్గలేదు.

"రా రా, వియన్నా దొరసానీ! విన్నాను. పొయ్యి వెలిగించుకున్న వెధవను నేను, గాలి కన్నం మూసిన మహాతల్లివి నువ్వు. మనిద్దరికీ ఒకే గదిలో పక్కపక్కన మంచాలు వేయాలి."

"క్షమించు ఎస్పెన్. ఆ కన్నం..."

"ఊరుకో. నేను నీ స్థానంలో ఉన్నా మూసేవాణ్ణే. మూయకపోతే నేనే మార్కులు తీసేసేవాణ్ణి." మిఠాయి డబ్బా విప్పి ఒకటి నోట్లో వేసుకున్నాడు. "ఇది నా మందు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు త్వరగానే ఆగింది. ఎస్పెన్ డబ్బా మూత మూస్తూ, తెరుస్తూ కూర్చున్నాడు.

"నాకు ఆ రోజు ఏమీ గుర్తులేదు. తెర గుర్తుంది, తర్వాత అంతా మబ్బు. మధ్యలో ఒక్కటే గుర్తుంది," అన్నాడు. "ఒక బూటు. దాన్ని పట్టుకుంటే బతుకుతాననిపించింది. పట్టుకున్నాను. ఎవరో తీసేసుకున్నారు. డాక్టరు అది భ్రమ అన్నాడు, గాలి ఆడకపోతే ఏవేవో కనబడతాయట."

సిగ్రున్ భ్రమేనని ఊరుకోవచ్చు. అబద్ధమాడితే పట్టుకునేవాళ్ళు ఆ గదిలో లేరు. కాని అబద్ధం మీద కాపలాకే గదా ఆమె వెళ్తున్నది.

"భ్రమ కాదు. నాదే," అంది.

"నీదా?"

"నువ్వు పట్టుకుంటే వాళ్ళు ఆగిపోయారు. పెట్టెకు అడ్డం వచ్చారు."

ఎస్పెన్ ఆమెనే చూశాడు. "ఇసుక పెట్టెకు," అన్నాడు.

"ఊఁ."

"ఆట కట్టు అనేశాక."

"ఊఁ."

కిటికీ బయట ఎవరో పార పెట్టి మంచు ఎత్తుతున్నారు. ఎస్పెన్‌కు కోపం వస్తే బాగుండునని సిగ్రున్‌కు అనిపించింది. కోపం రాలేదు. వేషం ఏదీ లేని ముఖంతో కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ ముఖం ఆమె చూసింది ఇదే మొదటిసారి.

"వెళ్ళు సిగ్రున్. అక్కడి పెట్టెల్లో ఇసుక ఉండదు. చూపు తిప్పనివాళ్ళే కావాలి. నేను నేర్పింది అదే, నువ్వు నేర్చుకుంది అదే, తప్పెవరిదీ కాదు. నిజంగా వెళ్ళు." దుప్పటి అంచు సరిచేసుకున్నాడు. "కాని నువ్వు ఒక్కసారి కిందికి చూసి ఉంటే నాకు బాగుండేది."

ఆమె ఏడ్చింది. చేతిరుమాలు తెచ్చుకోలేదు. ఎస్పెన్ తన దుప్పటి అంచు ఆమె వైపు జరిపాడు.